ఇసుక దిబ్బకు ఎంత కార్బురేటర్ కావాలి?

షార్జా రోలాలో నడుస్తుంటే తెలుగు మాట చెవిన పడుతూనే ఉంటుంది. అక్కణ్నుంచి ఇండస్ట్రియల్ ఏరియాకు వెళ్తే గ్యారేజీల్లో పాత నిస్సాన్ పాట్రోళ్లు, ల్యాండ్ క్రూజర్లు బానెట్లు ఎత్తి కనిపిస్తాయి. ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చి ఇన్నేళ్లయినా ఎడారి మోజున్నవాళ్లు కార్బురేటర్ బండిని వదల్లేదు. వదలక్కర్లేదు కూడా. ఇసుకలో మొరాయిస్తే చాలాసార్లు స్క్రూడ్రైవర్‌తోనే దారికి తెచ్చుకోవచ్చు.

బండి కొన్న కుర్రాళ్లు ముందు అడిగేది పెద్ద కార్బురేటర్. నా మాట వింటే అది వద్దు. కార్బురేటర్ గొంతు సన్నబడే చోటు వెంచురీ. అక్కడ గాలి వేగం పెరిగి ఒత్తిడి పడిపోతుంది. ఆ లోటే బౌల్‌లోని పెట్రోల్‌ను జెట్ గుండా లాగి తుంపర చేస్తుంది. గొంతు మరీ పెద్దదైతే తక్కువ ఆర్‌పీఎంలో గాలి మందగిస్తుంది, పెట్రోల్ సరిగా లేవదు. బదాయర్ దగ్గర బిగ్ రెడ్ దిబ్బ ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ ఊపిరాడనట్టు జంకుతుంది. టైర్లలో గాలి 15 పీఎస్‌ఐకి దించిన బండి అక్కడ ఊపు పోగొట్టుకుంటే కూరుకుపోయినట్టే.

లెక్క తేలికే. ఇంజిన్ పరిమాణాన్ని క్యూబిక్ అంగుళాల్లో తీసుకుని, గరిష్ఠ ఆర్‌పీఎంతో హెచ్చవేసి, 3456తో భాగిస్తే ఇంజిన్‌కు నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి (సీఎఫ్‌ఎం) కావాలో తెలుస్తుంది. 1987లో వచ్చిన వై60 పాట్రోల్‌లోని టీబీ42 ఇంజిన్ 4169 సీసీ, అంటే 254 క్యూబిక్ అంగుళాలు. 4500 ఆర్‌పీఎం దగ్గర 331 వస్తుంది. పాత ఇంజిన్ సిలిండర్లు నూటికి 80 పాళ్లే నిండుతాయనుకుంటే 265 సీఎఫ్‌ఎం చాలు. షెవర్లే 350 క్యూబిక్ అంగుళాల వీ8 దించినా, అదే 80 పాళ్ల లెక్కన 5000 ఆర్‌పీఎంకు 405 దాటదు. దానికి 750 బిగించడం శుద్ధ దండగ.

డబ్బా మీది అంకెనూ గుడ్డిగా నమ్మకూడదు. రెండు గొంతులుండే టూ బ్యారెల్‌ను 3 అంగుళాల పాదరస లోటు దగ్గర, నాలుగుండే ఫోర్ బ్యారెల్‌ను 1.5 దగ్గర కొలుస్తారు. 500 అని రాసున్న టూ బ్యారెల్ ఫోర్ బ్యారెల్ లెక్కలో దాదాపు 350 మాత్రమే.

దిబ్బ మీద బండి పక్కకు ఒరిగితే బౌల్‌లో పెట్రోల్ కూడా ఒరుగుతుంది. ఫ్లోట్ మోసపోయి ఇంజిన్‌ను ముంచేస్తుంది. హోలీ ట్రక్ అవెంజర్ లాంటివి ఈ వాలు కోసమే తయారయ్యాయి. అవి 470, 670 సీఎఫ్‌ఎంలలో దొరుకుతాయి. ఇక ఎండ సంగతి: 45 డిగ్రీల గాలి, 15 డిగ్రీల గాలికంటే దాదాపు పదో వంతు పలచన. శీతాకాలంలో సరిపోయిన జెట్‌తో వేసవిలో పెట్రోల్ ఎక్కువవుతుంది. కార్బురేటర్ కింద వేడిని ఆపే ఫైబర్ స్పేసర్ వేస్తే బౌల్‌లో పెట్రోల్ మరగడమూ తగ్గుతుంది.

కొత్తది కొనే ముందు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు వాక్యూమ్ గేజ్ తగిలించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, గరిష్ఠ ఆర్‌పీఎం వరకు లాగి చూడండి. ఫోర్ బ్యారెల్‌లో ముల్లు 1.5 అంగుళాలు బాగా దాటితేనే పెద్దదాని గురించి ఆలోచించండి. సున్నా దగ్గరే ఉంటే, ఉన్నదే ఎక్కువ.