నాళపు వేడిమియు, తూటా పరీక్షయు

అంగడిలో దొరకు తూటాలతో తృప్తి పడక, ఇత్తడి గొట్టమును, మందును, గుండును తామే ఏర్చి కూర్చుకొని తుపాకి గురిని ఒక విద్యగా సాధన చేయువారి సంప్రదాయము అమెరికా దేశమున చిరకాలముగా వర్ధిల్లుచున్నది. మసాచుసెట్స్ రాష్ట్రపు వైద్యుడు ఫ్రాంక్లిన్ మాన్, కాంక్రీటు దిమ్మెపై తుపాకిని కదలకుండ నిలిపి, గుండు దారి తప్పుటకు గల కారణముల నొక్కటొక్కటిగా వేరుచేయ యత్నించి, తన పరిశ్రమఫలమును 1909లో గ్రంథముగా వెలువరించిన నాటినుండి, ఈ వ్యాసంగమునకు ప్రయోగశాస్త్రపు క్రమశిక్షణ అలవడినది. ఆ క్రమశిక్షణను తరచుగా భంగపరచునది నాళపు వేడిమి.

మందు పేలినప్పుడెల్ల దాని శక్తిలో కొంతభాగము ఉక్కులోనికి వేడిగా ఇంకును. నాళ మంతటను సమముగా వేడెక్కినచో గురికి కలుగు హాని స్వల్పమే. 60 సెంటీమీటర్ల నాళము 50 డిగ్రీలు వేడెక్కినను పెరుగు పొడవు మిల్లీమీటరులో మూడవవంతునకు కొంచె మెక్కువ, అంతే. అపకారమంతయు అసమత్వమునందున్నది. 2 సెంటీమీటర్ల మందము గల ఆ నాళమే ఒక ప్రక్క రెండవ ప్రక్కకన్న ఒక్క డిగ్రీ వెచ్చగా నుండెనేని, అది చల్లని వైపునకు వంగి, 100 మీటర్ల దూరమున గుండును సుమారు మూడున్నర సెంటీమీటర్లు తొలగించునని లెక్క వేసి చూచినవారు విస్మయపడక మానరు. యుద్ధట్యాంకుల ఫిరంగులకు వేడిని సమముగా నుంచు తొడుగులు వేయుట కిదియే హేతువు. నాళమును మలచునప్పుడును, వంకర తీయునప్పుడును ఉక్కులో దాగియుండిన బిగువు కూడ వేడి తగులగానే తన ప్రభావమును చూపును. అప్పుడు గుండ్లు గుంపుగా పడక ఒకే దిశగా వరుస కట్టును. స్టాకు కర్ర నాళమును తాకుచున్నచో చిక్కు ఇనుమడించును గనుక, ఆ రెంటి నడుమ సందు విడుచుట నేడు సాధారణ మైనది.

నాళము వంగకున్నను కన్ను మోసపోవచ్చును. ఎండలో తారురోడ్డుపై వలెనే వేడి నాళముపై గాలి చలించి, టెలిస్కోపులో లక్ష్యము నాట్యమాడును. అందుచేత నాళముపై పలుచని పట్టీ నొకదానిని అమర్చి ఆ వేడిగాలిని ప్రక్కకు మళ్లింతురు. నాళపు మొదట తూటా నిలుచు గది వేడెక్కియుండగా అందులో తూటాను నింపి ఉంచుట మరియొక ప్రమాదము. మందు వెచ్చబడి, ఒత్తిడియు గుండు వేగమును పెరుగును; కనుక నెరిగినవారు గుండుకు గుండుకు నడుమ విరామమున బోల్టు తెరచియుంచి, పేల్చబోవునప్పుడే తూటాను లోనికి పంపుదురు.

తూటాల పరీక్షకును ఈ వేడిమియే చిక్కు తెచ్చును. నాలుగు మోతాదుల మందును పోల్చబూనినవాడు మొదటి దానిని చల్లని నాళముతోను, చివరి దానిని కాలుచున్న నాళముతోను పేల్చినచో, అతడు తీర్పు చెప్పినది మందును గురించి కాదు, వరుసను గురించి. ఇందుకు విరుగుడు సులభము: నాలుగింటికి నాలుగు లక్ష్యపత్రములు వేరుగా నుంచి, ప్రతి మోతాదునుండి ఒక్కొక్క తూటా చొప్పున పేల్చుచు, రెండవ చుట్టున వరుసను త్రిప్పివేసి, నడుమ నాళమును చల్లారనిచ్చుట. వేడిమియు, మసియు, గాలి మార్పును అన్నింటికి ఇంచుమించు సమముగా పంచబడును. పొలములో ఎరువులను పోల్చుటకు గణాంకశాస్త్రజ్ఞుడు రోనాల్డ్ ఫిషర్ 1935 నాటి తన గ్రంథమున చర్చించిన పద్ధతికిని దీనికిని మూలసూత్ర మొక్కటే యనుట ఈ తుపాకివారిలో పలువురకు తట్టినట్లు లేదు.

ఎంత చల్లార్చవలెనను ప్రశ్నకు నా ఉత్తరము వాడుకను బట్టి యుండును. బల్లపై తుపాకి నానించి పందెమాడు వారు, గాలి తమకు అనుకూలించిన కొలది క్షణములలోనే అయిదు గుండ్లు వేయుటకు వెనుదీయరు. వారి బరువైన నాళము వేడిని ఓర్చుకొనును, వారు పరీక్షించుటయు ఆ వేడిలోనే న్యాయము. సన్నని నాళముతో అడవి కేగు వేటకాని కా పద్ధతి నిరర్థకము. అతనికి దక్కునది చల్లని నాళపు మొదటి గుండు మాత్రమే గనుక, ఉదయమున కొక్క గుండు చొప్పున ఒకే పత్రముపై పలుదినములు వేసి చూచుకొనుట, ఒకే పూట మూడు గుండ్ల గుంపును చూచి మురియుటకంటె మేలు.