ఎడారి దారికి ఇంటి సొరుగు

పశ్చిమ ఆస్ట్రేలియాలో విలూనా నుంచి హాల్స్ క్రీక్ దాకా సుమారు 1,850 కిలోమీటర్ల మట్టి దారి ఒకటి ఉంది. దాని పేరు క్యానింగ్ స్టాక్ రూట్. పశువుల మందలను ఎడారి దాటించడం కోసం 1908-10 మధ్య ఆల్ఫ్రెడ్ క్యానింగ్ బృందం ఆ దారి పొడవునా బావులు తవ్వింది. ఇప్పుడు ఆ దారిన మందలు నడవడం లేదు, ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు వెళ్తున్నాయి. 900కు పైగా ఇసుక తిన్నెలు ఎక్కి దిగాలి. ప్రయాణం రెండు మూడు వారాలు పడుతుంది. సరుకులు గానీ ఇంధనం గానీ దొరికే చోట్లు ఒకటి రెండుకు మించవు. తిండి, తాగునీళ్లు, పనిముట్లు, విడిభాగాలు, మందులు, పడక అన్నీ బండిలోనే ఉండాలి. ఉంటే సరిపోదు, కావలసినప్పుడు చేతికందాలి.

ఈ అవసరంలోంచే ఆస్ట్రేలియాలో ఒక ఇంటి విద్య పెరిగింది. సెలవు రోజున గ్యారేజీలో నాలుగు ప్లైవుడ్ పలకలు కోసి, బండి డిక్కీకి సరిపడా సొరుగుల పెట్టెను సొంతంగా కట్టుకుంటారు. తండ్రి కడుతుంటే చూసి కొడుకు, పొరుగింటాయన బండి చూసి ఇంకొకరు నేర్చుకుంటారు. కంపెనీలు తయారుచేసినవి బజారులో కావలసినన్ని ఉన్నా ఈ అలవాటు పోలేదు. ఎందుకు పోలేదో ఆ పెట్టె కట్టే తీరు చూస్తే అర్థమవుతుంది.

తిండి పెట్టె నుంచి సొరుగు దాకా

ఆ దేశంలో పశువుల కాపరులు, గొర్రెల బొచ్చు కత్తిరించే కూలీలు పూర్వం తిండి సామానును ఒక చెక్కపెట్టెలో పెట్టుకుని తిరిగేవారు. దాన్ని టక్కర్ బాక్స్ అంటారు. తర్వాత మోటారు బండ్లు వచ్చాయి. 1949లో మొదలైన స్నోయీ పర్వతాల జలవిద్యుత్ పథకం పనుల కోసం థీస్ సంస్థ 1950ల చివర్లో జపాన్ నుంచి టొయోటా ల్యాండ్ క్రూయిజర్లను తెప్పించింది. పనికి వచ్చిన బండి మెల్లగా కుటుంబాల విహారయాత్రలకూ ఎక్కింది. వాటితోపాటు పెట్టెలూ పెరిగాయి. పెట్టె మీద పెట్టె చేరేసరికి అడుగున ఉన్న స్పానరు కావాలంటే పైనున్నవన్నీ దించాల్సి వచ్చేది. చీకటి పడ్డాక ఇసుకలో నిలబడి ఆ పని చేసిన వాళ్లకు సొరుగు విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. పెట్టెను పైనుంచి తెరవాలి, సొరుగును ముందుకు లాగొచ్చు. దాని మీద ఎంత సామానున్నా కదపనక్కర్లేదు. ఈ విద్యకంతా మూలం ఈ ఒక్క సౌకర్యమే.

అట్టతో మొదలు

పని తెలిసినవాళ్లు రంపం కంటే ముందు అట్టముక్కలు పట్టుకుంటారు. డిక్కీ నేల చదునుగా ఉండదు, రెండు పక్కలా చక్రాల డొప్పలు లోపలికి పొడుచుకొచ్చి ఉంటాయి, వెనక తలుపు అద్దం పైకి పోయేకొద్దీ ముందుకు వాలుతుంది. అందుకే ఆ వంపులన్నిటినీ ముందు అట్ట మీదికి, అట్ట మీంచి చెక్క మీదికి ఎక్కిస్తారు. మూడో వరస సీట్లు తీసిన చోట రెండు సొరుగులు పక్కపక్కన పట్టే పెట్టె కూర్చుంటుంది. పెట్టెకూ బండి గోడలకూ మధ్య మిగిలే సందుల మీద మూత పలకలు వేస్తే జాకీ, తాళ్లు, గాలి కొట్టే కంప్రెసర్ అందులోకి పోతాయి.

ఎత్తు దగ్గర ఆగి ఆలోచించాలి. పెట్టె మీద ఫ్రిజ్ కూర్చుంటుంది. దాని మూత పైకప్పుకు తగలకుండా తెరుచుకోవాలి. డ్రైవరుకు అద్దంలో వెనక దారి కనపడాలి. అందుకే పెట్టె ఎత్తు 250-300 మిల్లీమీటర్లు దాటకుండా చూసుకుంటారు.

ఈ పనిలో అసలు పరీక్ష సొరుగు వెడల్పు దగ్గరే వస్తుంది. సొరుగు జారడానికి పక్కల బిగించే, బరువు మోసే టెలిస్కోపిక్ ఛానల్ మందం ఒక్కో పక్కన 19 మిల్లీమీటర్లు. అరలో లోపలి ఖాళీ 500 మిల్లీమీటర్లయితే సొరుగు బయటి వెడల్పు 462 ఉండాలి. అర మిల్లీమీటరు తగ్గినా పలుచని రేకు ముక్క పెట్టి సర్దుకోవచ్చు. రెండు మిల్లీమీటర్లు పెరిగితే మాత్రం సొరుగు లోపలికే పోదు. అందుకే అనుభవజ్ఞులు ముందు పెట్టె బిగించి, ఖాళీని ముందు, మధ్య, వెనక మూడు చోట్ల కొలిచి, ఆ తర్వాతే సొరుగు పలకలు కోస్తారు. కాగితం మీది కొలతను నమ్మి అన్నీ ఒకేసారి కోయరు.

చెక్క, జిగురు, మూలమట్టం

పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ ఈ పనికి నిలవవు. తడి తగిలితే ఉబ్బుతాయి, అదురుకు స్క్రూ పట్టు వదిలేస్తాయి. ప్లైవుడ్‌లో ఒక పొర నార నిలువుగా, పక్క పొర నార అడ్డంగా ఉంటుంది కాబట్టి రెండు వైపులా బలం సమంగా వస్తుంది. నీటికి విడిపోని జిగురుతో చేసిన మెరైన్ ప్లై అయితే మేలు. మన దగ్గర ఐఎస్ 710 ముద్రతో అమ్మేది ఆ రకమే.

మందం విషయంలో చాలామంది 18 మిల్లీమీటర్ల వైపు మొగ్గుతారు. కాస్త లెక్క వేద్దాం. 2.4 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న 12 మిల్లీమీటర్ల పలక సుమారు 20 కిలోలు తూగుతుంది. అదే కొలతలో 18 మిల్లీమీటర్ల పలక 30 కిలోలు. మూడు పలకలు పట్టే పనిలో తేడా 30 కిలోలు, అంటే ఎడారిలో 30 లీటర్ల తాగునీరు. పెట్టెకు 12, సొరుగు పక్కలకు 9 మిల్లీమీటర్లు చాలు. బలం మందంలో కంటే అతుకులో ఎక్కువ ఉంటుంది.

అతుకులో భారమంతా మోసేది జిగురే. అది ఆరేదాకా రెండు పలకలనూ బిగబట్టి ఉంచేది స్క్రూ. ప్లై అంచులోకి స్క్రూ దించే ముందు సన్నని బెజ్జం వేయకపోతే పొరలు చీలతాయి. సొరుగు అడుగు పలకను కింద నుంచి మేకులతో కొట్టకూడదు. నాలుగు పక్కలా గాడి తీసి, జిగురు రాసి, అందులోకి దూర్చాలి. అప్పుడు డబ్బాల బరువు మేకుల మీద పడదు, పక్క పలకలు మోస్తాయి. పెట్టె వెనక పలకను కొందరు బరువు తగ్గుతుందని వదిలేస్తారు. అది లేని చట్రం గుంతల్లో పక్కకు ఒరుగుతుంది. చట్రం మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి మూలమట్టం ఒక్కటే చాలదు. టేపుతో ఎదురెదురు మూలల మధ్య రెండు ఐమూలలూ కొలవాలి. రెండూ సమానం కాకపోతే జిగురు ఆరకముందే నెట్టి సరిచేయాలి. ఆరాక ఇక చేసేదేమీ లేదు.

జారే తీరు, ఆగే తీరు

సొరుగు జారడానికి రెండు దారులున్నాయి. ఒకటి బాల్ బేరింగు ఛానళ్లు. జతకు 227 కిలోలు మోసేవి, లోపలా బయటా గడియపడేవి ఈ పనిలో ఎక్కువగా వాడతారు. పూర్తిగా బయటికి వస్తాయి, తేలిగ్గా కదులుతాయి. కానీ అవి ఖరీదైనవి, బరువైనవి. పైగా ఎర్రదుమ్ము బేరింగులోకి చేరితే కరకరమంటాయి. రెండో దారి గట్టి పాలీఇథిలీన్ పట్టీలు. వంటింట్లో కూరగాయలు కోసుకునే తెల్లటి ప్లాస్టిక్ పలకనే రెండంగుళాల పట్టీలుగా కోసి, స్క్రూ తల లోపలికి దిగేలా బెజ్జం వెడల్పు చేసి, సొరుగు కిందా పక్కలా బిగిస్తారు. కదిలే భాగం ఏదీ లేదు కాబట్టి చెడేదీ లేదు. అరిగితే కొత్త పట్టీ వేసుకోవచ్చు. సొరుగు పూర్తిగా బయటికి రాదు, లాగడానికి కాస్త బలం పెట్టాలి. అయినా దుమ్ము దారులకు నా ఓటు ఈ పట్టీలకే.

ఏ దారి పట్టినా గడియ తప్పదు. బండి ఏటవాలులో ఆగి ఉన్నప్పుడు 60 కిలోల సొరుగు తనంతట తాను జారితే వేళ్లు నలుగుతాయి. మీటరు పొడవున బయటికి లాగిన ఆ సొరుగు పెట్టె ముందంచు మీద భారం వేసి వెనక అంచును పైకి లేపుతుంది. ఆ లాగుడు అక్కడి బోల్టుల మీద పడుతుంది.

ప్రాణం నిలిపే బోల్టులు

పెట్టెను బండికి బిగించే పనిలో రాజీ ఉండకూడదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి దేనికైనా గుద్దుకుని అర మీటరులో ఆగిందనుకోండి. ఆ క్షణంలో లోపలి ప్రతి వస్తువూ తన బరువుకు దాదాపు 20 రెట్ల బలంతో ముందుకు దూసుకొస్తుంది. సామానుతో కలిపి 150 కిలోలున్న పెట్టె అప్పుడు మూడు టన్నుల బలంతో సీట్లను నెడుతుంది. నేల రేకులోకి దించిన స్క్రూలు దాని ముందు నిలవవు.

సీట్లు తీసినచోట కంపెనీ వదిలిన మరల బెజ్జాలు ఉంటాయి. సీటునూ మనిషినీ కలిపి పట్టి ఉంచేందుకు చేసినవి కాబట్టి పెట్టెను వాటికే ఇనుప బ్రాకెట్లతో, హైటెన్సిల్ బోల్టులతో బిగించాలి. చెక్క వైపు చిన్న వాషరు వేస్తే బోల్టు తల చెక్కను చీల్చుకుని బయటికి వస్తుంది. అందుకే వెడల్పాటి ఇనుప పట్టీ వేయాలి. కొత్తగా బెజ్జం వేయక తప్పకపోతే ముందు బండి కిందికి దూరి చూడాలి. ఇంధన ట్యాంకు, బ్రేకు గొట్టాలు, వైర్లు ఆ నేల కిందనే ఉంటాయి. పెట్టెకూ మనుషులకూ మధ్య ఇనుప జాలీ వేసుకోవడం ఆ దేశంలో బాగా పాతుకున్న అలవాటు. పెట్టె మీద వదులుగా పెట్టినవి ఎగిరి తలకు తగలకుండా అది ఆపుతుంది.

ప్రమాదం ఎప్పుడో ఒకప్పుడు రావచ్చు, రాకపోవచ్చు. అదురు మాత్రం రోజూ ఉంటుంది. కింబర్లీ ప్రాంతంలోని 660 కిలోమీటర్ల గిబ్ రివర్ రోడ్డు వంటి మట్టి దారులు బండ్లు తిరిగి తిరిగి సిమెంటు రేకులా అలలు తేలతాయి. అలల మధ్య దూరం ముప్పాతిక మీటరు అనుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఒక్కో చక్రానికి గంటలో 80 వేల దెబ్బలు. మామూలు నట్టు ఆ అదురుకు తనంతట తానే విప్పుకుంటుంది. అందుకే లోపల నైలాన్ వలయం ఉన్న నట్లు వాడతారు, మొదటి రోజు ప్రయాణం ముగియగానే అన్నిటినీ మళ్లీ బిగిస్తారు. ఆ దారుల దుమ్ము వేళ్ల మధ్య నలిపినా గరుకు తెలియనంత మెత్తగా ఉంటుంది. అది రాకుండా వెనక తలుపు రబ్బరు బాగుండాలి, సొరుగు ముఖానికి చుట్టూ నురుగు పట్టీ అంటించాలి. పెట్టె మీద కార్పెట్ అంటిస్తే సామాను జారదు, చెక్క కిర్రుమనదు.

ఏది ఎక్కడ

బరువైనవి కిందా ముందుకూ, అంటే వెనక ఇరుసుకు వీలైనంత దగ్గరగా సర్దాలి. ఇరుసు దాటి వెనక్కి పోయిన బరువు ముందు చక్రాలను తేలిక చేస్తుంది, స్టీరింగు పట్టు తగ్గుతుంది. నీళ్ల డబ్బాలు, పనిముట్లు అందుకే అడుగున. రోజుకు మూడుసార్లు తెరిచే వంట సామాను తలుపుకు దగ్గరగా. వంట సొరుగును ఎడమవైపు పెట్టుకుంటే మంచిది. ఆస్ట్రేలియాలోనూ మనలాగే ఎడమవైపే నడుపుతారు కాబట్టి, దారి పక్కన ఆపి టీ కాచుకునేటప్పుడు వచ్చిపోయే బండ్లకు దూరంగా ఉండొచ్చు. ఇసుకలోంచి బండిని లాగే తాళ్లు, కొక్కేలు మాత్రం సొరుగులో పెట్టకూడదు. వెనక తలుపు తిన్నెకు ఆనుకుని బండి దిగబడితే ఆ సొరుగు తెరుచుకోదు. మంటలార్పే సిలిండరు, మందుల పెట్టె డ్రైవరు చేతికందే చోట ఉండాలి.

తూకం నేర్పే పాఠం

ఇంట్లో కట్టుకోవడంలోని అసలు విలువ తూకం దగ్గర తెలుస్తుంది. ల్యాండ్ క్రూయిజర్ 200 రకాన్నే తీసుకుందాం. ఆస్ట్రేలియాలో దాని మొత్తం బరువు పరిమితి 3,350 కిలోలు. బండి సొంత బరువు పోగా మోయగలిగేది 600 కిలోలకు కాస్త అటూ ఇటూ. ఇద్దరు మనుషులు 150, ముందు ఇనుప గార్డు, వించ్ కలిపి 100, అదనంగా 80 లీటర్ల డీజిలు 67, నీళ్లు 60, పైన ర్యాకూ గుడారమూ 80, నిండు ఫ్రిజ్ 45. ఇప్పటికే 502 కిలోలయ్యాయి. సొరుగుల పెట్టె, తిండి, బట్టలు, పనిముట్లు అన్నీ మిగిలిన 98 కిలోల్లో సర్దుకోవాలి. ఇరుసులు విరగడానికీ, స్ప్రింగులు కుంగడానికీ చాలాసార్లు ఈ లెక్క తప్పడమే కారణం. పరిమితి దాటితే చట్టరీత్యా తప్పు కూడా.

కొన్న పెట్టె సగటు మనిషి అవసరాన్ని ఊహించి చేసింది. ఇంట్లో కట్టేవారు తమ కుక్కరు ఎత్తు, తమ స్పానర్ల పొడవు కొలిచి అరలు వేస్తారు. ప్రతి పలకనూ చేత్తో ఎత్తి కోశారు కాబట్టి దాని బరువు వారికి తెలుసు. ఎక్కడ ఏ స్క్రూ ఉందో తెలుసు కనుక తిన్నెల మధ్య ఏదైనా ఊడినా విడిభాగం కోసం ఎదురుచూడకుండా అక్కడికక్కడే బాగుచేసుకుంటారు. సాయానికి మరో మనిషి లేని చోట అంతకు మించిన బీమా లేదు.

మెల్‌బోర్న్, పెర్త్ నగరాల్లో స్థిరపడి ఈ దారులు పట్టాలనుకునే తెలుగు కుటుంబాలు ఒకసారి చేసి చూడదగిన పని ఇది. ఆస్ట్రేలియాలో సీట్లు తీయడం గురించి రాష్ట్రాన్నిబట్టి నిబంధనలు మారతాయి, ముందే కనుక్కోవాలి. మన దేశంలో థార్, జిమ్నీ వంటి బండ్లున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే మాటను గట్టిగా చెప్పింది. సీట్ల సంఖ్య ఆ వివరాల్లో ఒకటి. కాబట్టి సీట్లు పీకకుండా, కావాలనుకున్నప్పుడు దించేయగల పెట్టెనే కట్టుకోండి. అనుమానం ఉంటే రవాణా శాఖ కార్యాలయంలో అడగండి.

చెక్క కొనేముందు మీ ప్రయాణపు సామానంతా నేల మీద పరిచి తూకం వేయండి. ప్రతి వస్తువు పక్కనా దాని బరువు రాయండి. కిందటిసారి వాడనివాటిని ఇంట్లోనే ఉంచండి. మిగిలినవాటికి సరిపడా సొరుగు కట్టండి, అంతకంటే పెద్దది కట్టకండి.