258 తక్కువ

రాత్రిళ్లు కూర్చుని నేను రాసుకుంటున్న చదరంగం ఇంజిన్‌తో మొన్న మా బావమరిది నాలుగాటలు ఆడి నాలుగూ ఓడాడు. ఓడినవాడు ఊరుకోక, "బావా, దీన్ని రెండొందలకు అమ్మకానికి పెట్టొచ్చుగా" అన్నాడు.

ఆశ లేదంటే అబద్ధం. 1976లో పీటర్ జెన్నింగ్స్ కిమ్-1 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో, ఒక్క కిలోబైటు మెమరీలో ఇమిడేలా మైక్రోచెస్ రాసి పది డాలర్లకు అమ్మాడు. ఆ రాబడే తర్వాత విసికాల్క్ స్ప్రెడ్‌షీట్‌కు పెట్టుబడిగా అక్కరకొచ్చింది. 1978లో శాన్‌హోసేలో మైక్రోకంప్యూటర్ల చదరంగం పోటీ గెలిచిన సార్గాన్ కథ నాకు ఇంకా ఇష్టం. రాసింది స్ప్రాక్లెన్ దంపతులు. బైట్ పత్రికలో ప్రకటన ఇచ్చి, ప్రోగ్రామ్ మొత్తాన్ని కాగితాల మీద జిరాక్స్ తీసి పదిహేను డాలర్లకు పోస్టులో పంపారు. దాచుకున్నది ఏమీ లేదు, అమ్మిందే గుట్టు!

ఇప్పుడు బలాన్ని అమ్మలేం. లోకంలోకెల్లా బలమైన ఇంజిన్లలో ఒకటైన స్టాక్‌ఫిష్ ఉచితం, కోడ్‌తో సహా. అందులో ఒక చిన్న మార్పు మంచిదో కాదో తేల్చడానికి ఎందరో తమ కంప్యూటర్లను ఊరికే అప్పిస్తారు, వేల ఆటలు ఆడిస్తారు. వాళ్ల ముందు నా రాత్రులెంత?

పైగా అమ్మితే కోడ్ దాచుకోవాలనిపిస్తుంది, దాస్తే అనుమానం పుడుతుంది. రిబ్కా ఒకప్పుడు అందరినీ ఓడించిన అమ్మకపు ఇంజిన్. క్రాఫ్టీ, ఫ్రూట్ అనే వేరే ఇంజిన్ల నుంచి కోడ్ ఎత్తారంటూ 2011లో దాని ప్రపంచ టైటిళ్లు లాగేసుకున్నారు. రచయిత ఒప్పుకోలేదు, వాదులాట నేటికీ చల్లారలేదు. ఫ్యాట్ ఫ్రిట్జ్ 2 అనే మరో అమ్మకపు ఇంజిన్ మీద రేగిన ఇలాంటి కోడ్ గొడవైతే మ్యూనిక్ కోర్టుదాకా వెళ్లి 2022లో రాజీతో ముగిసింది.

అమ్ముడుపోయేది ఏదైనా మిగిలిందంటే అది బలహీనతే. పదేళ్ల పిల్లాడి చేతిలో నమ్మేలా ఓడిపోయే ఇంజిన్, ఎక్కడ తప్పావో విడమరిచి చెప్పే ఇంజిన్. గెలిపించడం కంటే అలా ఓడించడం కష్టం. కానీ అది పంతులు చేసే పని, నాకా ఓపిక లేదు.

నా సరదా వేరే చోట ఉంది. ఆట మొదలు నుంచి అయిదు ఎత్తుల లోతుకు సాధ్యమయ్యే ఆటలన్నీ లెక్కపెడితే సరిగ్గా 48,65,609 రావాలి. ఇంజిన్ రాసే ప్రతివాడికీ ఈ అంకె కంఠతా వచ్చు. నిన్న రాత్రి నాకు 48,65,351 వచ్చింది. 258 తక్కువ! నాలుగెత్తుల దాకా లెక్క సరిపోయింది, అయిదో దాంట్లోనే తేడా. రెండు గంటలు జుట్టు పీక్కుని, చివరికి ఈ విద్యలోనే ఉన్న మిత్రుడికి కోడ్ మొత్తం పంపాను. చూడగానే నవ్వాడు. రెండు గడులు దూకిన బంటును పక్క బంటు పట్టే ఎన్ పాసాన్ నా ఇంజిన్‌కు అసలు రాదట.

నాలుగాటలాడిన మా బావమరిదీ దాన్ని పట్టుకోలేదు. రెండొందలు పోసి కొనుంటే పట్టుకునేవాడేమో.