ముసుగు కింద మరో కథ

1944, పోలండ్. నాజీల నిర్బంధ శిబిరంలో వాన కురుస్తుంటుంది. అమ్మానాన్నల నుంచి విడదీసి ఈడ్చుకుపోతున్న ఓ యూదు కుర్రాడు గేటు వైపు చేతులు చాస్తాడు. ఇనుప గేటు మెలికలు తిరిగిపోతుంది. 2000లో వచ్చిన ‘ఎక్స్‌మెన్’ ఇలా మొదలవుతుంది. ఆ కుర్రాడే పెద్దయ్యాక మాగ్నెటో అనే ప్రతినాయకుడు. చిత్రమైన శక్తులున్న ‘మ్యూటెంట్’ల గాలికబుర్ల కథకి ఇంత బరువైన మొదలు దేనికంటే, కాసేపట్లో ఒక సెనేటర్ లేచి మ్యూటెంట్లందరి పేర్లూ నమోదు చేయాలంటాడు. ఆ మాట వినగానే మనకు ఆ గేటు గుర్తుకు రావాలి.

పైకి ఒక కథ, లోపల మరో కథ నడపడం తెలుగు పాఠకులకు కొత్త కాదు. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో రామాయణాన్నీ భారతాన్నీ ఒకే పద్యాల్లో నడిపించాడు. అక్కడ ప్రతి మాటా రెండు కథలకీ అతకాలి. అలా అతికించడమే కవి ప్రతిభ. సూపర్‌హీరో సినిమాల పద్ధతి వేరు. రెండు కథలూ కొంత దూరం కలిసి నడిచి, ఒకచోట విడిపోతాయి. అలా విడిపోయిన చోట సినిమా ఏం చేస్తుందన్న దాన్నిబట్టే దాని సత్తా తేలుతుంది.

ఈ అలవాటు కామిక్ పుస్తకాల నుంచే వచ్చింది. 1938లో సూపర్‌మాన్‌ని లోకానికి పరిచయం చేసిన జెర్రీ సీగెల్, జో షూస్టర్ యూదు వలస కుటుంబాల పిల్లలు. నాశనమవుతున్న గ్రహం నుంచి పసివాణ్ని పరాయి నేలకు పంపేస్తారు. వాడు అక్కడ కొత్త పేరుతో, కళ్లద్దాలతో నలుగురిలో కలిసిపోతాడు. వలస వెళ్లినవాళ్లకు ఈ కథని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. కెప్టెన్ అమెరికా తొలి సంచిక 1941 మార్చి తేదీతో వచ్చింది. అట్ట మీద హీరో హిట్లర్ మొహం మీద గుద్దుతుంటాడు. అప్పటికింకా అమెరికా యుద్ధంలోకి దిగలేదు. ఆ పాత్రని సృష్టించిన జో సైమన్, జాక్ కిర్బీ కూడా యూదులే.

పుస్తకం నుంచి తెరకెక్కాక ఈ విద్యకి కొత్త పనిముట్లు దొరికాయి. మొదటిది, హీరోకున్న శక్తే. ‘ఎక్స్‌మెన్’లో రోగ్ అనే అమ్మాయి ఎవరిని తాకినా వాళ్ల ప్రాణం హరించుకుపోతుంది. ఆ సంగతి ఆమెకు తెలిసేది తొలి ముద్దు పెట్టుకున్నప్పుడు. యవ్వనంలో సొంత శరీరమే పరాయిదైపోయే భయానికి అది రూపం. 2003 నాటి రెండో భాగంలో బాబీ అనే కుర్రాడు ఇంట్లో సోఫా మీద కూర్చుని తాను మ్యూటెంట్‌నని చెబుతాడు. అలా ఉండకుండా ప్రయత్నించి చూశావా అని అడుగుతుంది తల్లి. స్వలింగ సంపర్కుల ఇళ్లలో ఇలాంటి ప్రశ్న ఎన్నిసార్లు వినపడిందో! సినిమాలో ఆ సంగతి పేరెత్తరు. మామూలు మధ్యతరగతి హాలు, ఆందోళన దాచుకోలేని తల్లి ముఖం, అంతే.

రెండోది వస్తువు. కెప్టెన్ అమెరికాకి గుర్తు కత్తి కాదు, డాలు. అతని స్వభావం మొత్తం అందులోనే ఉంది. ‘ద డార్క్ నైట్’ (2008)లో ప్రభుత్వ న్యాయవాది హార్వీ డెంట్ చేతి నాణేనికి రెండు వైపులా బొమ్మే, అంటే ఎటు పడ్డా అతని మాటే నెగ్గుతుంది. మంటల్లో ఒక వైపు మాడిపోయాక అదే నాణెం అతని ముఖంలాగే రెండు రకాలవుతుంది. అక్కడి నుంచి న్యాయం అతని చేతిలో జూదమైపోతుంది.

మూడోది భంగిమ. ‘స్పైడర్‌మాన్ 2’ (2004)లో హీరో పీటర్ చేతులు బార్లా చాపి, దూసుకుపోతున్న రైలును ఆపి సొమ్మసిల్లుతాడు. ప్రయాణికులు అతన్ని తలల మీదుగా లోపలికి చేరవేస్తారు. శిలువ దించిన దృశ్యం చిత్రపటాల్లో చూసినవాళ్లకు పోలిక వెంటనే తెలుస్తుంది. తెలియనివాళ్లకూ లోటు లేదు, ముసుగు లేని ఆ ముఖం ఒక కుర్రాడిదని చూసి రైల్లో జనం విస్తుపోవడం చాలు. ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ (2013) ఇదే పోలికని గొంతు చించుకుని చెప్పింది. హీరో సూపర్‌మాన్ వయసు ముప్పై మూడు, కూర్చున్నది చర్చిలో, వెనక రంగుటద్దాల మీద క్రీస్తు బొమ్మ. ప్రతీకని ప్రేక్షకుడు కనిపెట్టాలి గానీ, దర్శకుడు చేయి పట్టుకుని చూపించకూడదు.

ఈ పనిముట్లన్నీ కుదురుగా అమరిన సినిమా ‘బ్లాక్ పాంథర్’ (2018). దర్శకుడు ర్యాన్ కూగ్లర్‌ది ఓక్లాండ్. 1966లో నల్లజాతివాళ్ల హక్కుల కోసం బ్లాక్ పాంథర్ పార్టీ పుట్టిందీ ఆ ఊళ్లోనే. సినిమాలో ప్రతినాయకుడు కిల్‌మాంగర్ పెరిగిందీ అక్కడే. ఎవరి పాలనలోకీ వెళ్లని వకాండా అనే ఆఫ్రికా దేశం కల్పితం. దాని ఒంటి మీది అలంకారం మాత్రం కల్పితం కాదు. రాణి కిరీటానికి జులూ వివాహితలు ధరించే టోపీ ఆధారం. పాత్రలు తమ దేశభాషగా మాట్లాడేది ఖోసా. కాసినో దృశ్యంలో ముగ్గురు ముఖ్య పాత్రల దుస్తులు నలుపు, ఎరుపు, ఆకుపచ్చ. సమస్త ఆఫ్రికా ఐక్యతని చాటే జెండా రంగులివి. దుస్తులు రూపొందించిన రూత్ ఇ. కార్టర్‌కి ఆస్కార్ వచ్చింది. మ్యూజియం దృశ్యంలో, ఈ ఆఫ్రికా వస్తువులు మీ పూర్వీకులకు ఎలా వచ్చాయని కిల్‌మాంగర్ నిలదీస్తాడు. అతను చేసేవి హత్యలు, అడిగేది న్యాయం. చివరికి రాజు టిచాలా అతన్ని ఓడిస్తాడు. కానీ తలుపులు మూసుకుని కూర్చున్న తన దేశం తీరు తప్పని ఒప్పుకుని తెరుస్తాడు. ప్రతినాయకుడు ఓడిపోయినా అతని వాదనలో సగం గెలుస్తుంది.

కథలు విడిపోయే చోటుకి వద్దాం. సాటి మనిషి జాతినో రంగునో చూసి భయపడటంలో ఏ న్యాయమూ లేదు. కంటిచూపుతో గోడలు బద్దలుకొట్టేవాణ్ని చూసి భయపడటంలో ఎంతో కొంత ఉంది. మ్యూటెంట్లని మైనారిటీలకు ప్రతీక చేసిన ‘ఎక్స్‌మెన్’కి ఈ చిక్కు ఎప్పుడూ తప్పలేదు. ‘ద డార్క్ నైట్’దీ ఇలాంటి ఇరకాటమే. ప్రతినాయకుడు జోకర్‌ని పట్టుకోవడం కోసం బ్యాట్‌మాన్ ఊళ్లోవాళ్లందరి ఫోన్లనూ నిఘా యంత్రాలుగా మార్చేస్తాడు. పని అయ్యాక ఆ యంత్రం ధ్వంసమవుతుంది. తప్పు చేసినందుకు ఫలితమూ దక్కింది, తప్పు దిద్దుకున్న పేరూ దక్కింది. నిజమైన ప్రభుత్వాలు చేతికొచ్చిన యంత్రాన్ని అంత తేలిగ్గా వదులుకోవు.

2024లో వచ్చిన మన ‘హనుమాన్’లో హీరో శక్తికి మూలం ఆంజనేయుడే. కనుక ఆ శక్తికి అర్థమేమిటని ప్రేక్షకుడు వెతుక్కోనక్కర్లేదు. వ్యంగ్యమంతా ప్రతినాయకుడిలో పెట్టారు. సూపర్‌హీరోలందరూ అనాథలేనని నమ్మి, చిన్నతనంలోనే అమ్మానాన్నల్ని చంపుకున్నవాడు వాడు. హాలీవుడ్ మూసకి ఇంతకన్నా ఘాటైన చురక దొరకదు.

నేరుగా చెబితే తలుపు మూసేసే ఇంట్లోకి కూడా సూపర్‌హీరో కథ పిల్లల చేయి పట్టుకుని వెళ్లిపోతుంది. వివక్ష గురించి ఉపన్యాసం వినని నాన్న, బాబీ తల్లిని చూసి ఇబ్బందిగా కదులుతాడు. ఈ అన్యాపదేశానికున్న విలువ అదే. ఫలానా పాత్ర ఫలానా దానికి గుర్తు అని ఒక్క వాక్యంలో తేలిపోతే అది పొడుపుకథ. కిల్‌మాంగర్ అన్నదాంట్లో తప్పేముందని పదిహేనేళ్ల పిల్ల అడిగితే, జవాబు చెప్పడానికి పెద్దవాళ్లు చరిత్ర తిరగేయాల్సి వస్తే, ఆ సినిమా తన పని చేసినట్టే.