మబ్బు కమ్మిన తార: ఘటక్ చిత్రంలో అతినాటకీయత విలువ

ఋత్విక్ ఘటక్ 1960లో తీసిన బెంగాలీ చిత్రం ‘మేఘే ఢాకా తారా’ మీద తొలి నుంచీ వినవస్తున్న ప్రధానమైన ఆక్షేపణ ఒకటే: అందులో దుఃఖం మోతాదు మించిందని. దేశవిభజనతో తూర్పు బెంగాల్‌ను విడిచి వచ్చి కలకత్తా శివార్లలోని శరణార్థుల కాలనీలో తలదాచుకున్న ఒక బడిపంతులు కుటుంబం, ఆ ఇంటిని తన సంపాదనతో నెట్టుకొస్తున్న కూతురు నీత, ఆమె కష్టం తింటూనే తమ తమ దారులు చూసుకునే తోబుట్టువులు, ఆమెను కాదని ఆమె చెల్లెలినే పెళ్లాడే ప్రియుడు సనత్, చివరకు క్షయవ్యాధి, కొండల మీది శానిటోరియం. శక్తిపద రాజగురు రచన ఆధారంగా అల్లిన ఈ కథను ఇలా నాలుగు ముక్కల్లో చెబితే ఆ ఆక్షేపణ సబబే అనిపిస్తుంది. అయితే విమర్శకులు లోపమన్న ఆ మోతాదే ఈ చిత్రానికి పద్ధతి అనీ, దానిని తీసివేస్తే మిగిలేది మరొక పేదింటి కథ మాత్రమేననీ గ్రహించడానికి విమర్శకు చాలాకాలం పట్టింది.

కారణం ఆనాటి కొలమానంలో ఉంది. 1955లో వచ్చిన సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ తర్వాత, మంచి సినిమా అంటే నియోరియలిజం, అంటే ఇటలీలో యుద్ధానంతరం రూపుదిద్దుకున్న, సామాన్యుల బతుకును ఆర్భాటం లేకుండా చూపే వాస్తవిక ధోరణి, అన్న అభిప్రాయం చదువుకున్న ప్రేక్షకులలో స్థిరపడింది. దానికి ఎదుటి కొసన ఉన్నది మెలోడ్రామా, అనగా పాత్రలు నోటితో చెప్పుకోలేని బాధను సంగీతం, ధ్వని, వెలుగునీడలు, యాదృచ్ఛిక సంఘటనలు గొంతెత్తి చెప్పే అతినాటకీయ ప్రక్రియ. ప్రజానాట్యోద్యమం నుంచి, అంటే తెలుగునాట ప్రజానాట్యమండలికి మాతృసంస్థ అయిన ఇప్టా నుంచి, వచ్చిన ఘటక్‌కు వేలమంది ముందు భావాన్ని పెద్దది చేసి చూపడంలో సిగ్గుపడవలసినదేమీ కనిపించలేదు. మెలోడ్రామా తన హక్కు అనే ఆయన వాదించారు.

ఆ హక్కును ఆయన వినియోగించుకున్న తీరు ధ్వనిలో అన్నిటికన్నా స్పష్టంగా తెలుస్తుంది. నీత మీద సనత్‌కున్న మమకారాన్ని తల్లి వంటింటి నుంచి కనిపెట్టే ఘట్టంలో, కుతకుత ఉడుకుతున్న అన్నం చప్పుడు మాటలను మించి పెరుగుతుంది. నీత పెళ్లి చేసుకుని వెళితే పొయ్యి మీదికి బియ్యం ఎక్కడి నుంచి వస్తాయన్న భయం తల్లి నోట రాదు. ఎసరే ఆ భయాన్ని పలుకుతుంది. సనత్ గదిలో తన చెల్లెలు గీత ఉన్నదని తెలిసి నీత మెట్లు దిగుతున్నప్పుడు కొరడా దెబ్బ వినిపిస్తుంది. ఆ దృశ్యంలో కొరడా లేదు, కొట్టే మనిషీ లేడు. వాస్తవికత కోరే విమర్శకుడికి ఇది నియమభంగం. కానీ ఎవరూ చేయి చేసుకోకుండానే ఒక మనిషిని ఇల్లంతా కలిసి హింసించగలదన్న సంగతిని దీనికంటే సూటిగా చెప్పే మార్గం మరొకటి ఉందనుకోవడం కష్టం. తర్వాత అన్న శంకర్‌తో కలిసి నీత రవీంద్రుని పాట పాడేటప్పుడు ఆ కొరడా మళ్లీ మోగుతుంది. అప్పటిదాకా బిగబట్టుకున్న ఆమె భోరున ఏడుస్తుంది.

సంగీతంలోనూ ఇదే పట్టు ఉంది. శంకర్ సాధన చేసే హంసధ్వని కర్ణాటక సంప్రదాయం హిందూస్తానీకి ఇచ్చిన రాగం. త్యాగరాజు ‘రఘునాయక’ కృతి ద్వారా తెలుగువారికి చిరపరిచితమే. మద్రాసులో పుట్టి కలకత్తాలో స్థిరపడిన ఏ.టి. కానన్ దానిని ఈ చిత్రానికి పాడారు. దినేన్ గుప్తా ఛాయాగ్రహణం కూడా ఈ పద్ధతికి తోడ్పడింది: దగ్గరి ముఖాన్ని పెద్దది చేసి వెనకనున్న దూరాన్ని మరింత దూరం చేసే వైడ్ యాంగిల్ కటకంతో, కింది నుంచి పైకి చూసే కోణంలో, నీతగా నటించిన సుప్రియా చౌధురి ముఖాన్ని ఒక విగ్రహం ముఖంలా నిలబెట్టింది.

విగ్రహమన్న మాట ఊరికే వాడినది కాదు. నీత జగద్ధాత్రి దేవి పూజనాడు పుట్టిన పిల్ల. తుఫాను రాత్రి తండ్రి ఆమెను ఇల్లు విడిచి పొమ్మన్నప్పుడు, పుట్టింటి నుంచి ఉమను సాగనంపే బెంగాలీ జానపద గీతం వినిపిస్తుంది. తెలుగువారి అప్పగింతల పాటలాంటిదే అది, కాకపోతే ఈ ఆడపిల్ల వెళ్లేది అత్తవారింటికి కాదు. ఇక్కడ న్యాయమైన ప్రశ్న ఒకటి ఎదురవుతుంది. స్త్రీని దేవతను చేయడమంటే ఆమె త్యాగాన్ని పొగిడి ఆమెను మళ్లీ బలిపీఠం ఎక్కించడం కాదా? చిత్రం ముగింపు దీనికి జవాబిస్తుంది. షిల్లాంగ్ కొండల మధ్య, ఇప్పుడు పేరున్న గాయకుడైన శంకర్ గీత కొడుకు ముచ్చట్లు చెబుతుండగా, నీత తనకు బతకాలని ఉండేదని పెద్దపెట్టున కేక వేస్తుంది, కెమెరా చుట్టూ తిరుగుతూ కొండలను చూపుతుంది. దేవతలకు బతకాలన్న కోరిక ఉండదు. ఆ కేకతో పురాణం పగిలి మనిషి బయటపడుతుంది.

ఈ చిత్రంలో దుష్టపాత్ర లేకపోవడం మరింత కలవరపెట్టే విషయం. బిజన్ భట్టాచార్య పోషించిన తండ్రి ఒక సన్నివేశంలో వేలెత్తి నేరం మోపబోతాడు. ఎవరి మీద అని అడిగితే ఎవరి మీదా కాదంటాడు, ఆ వేలు కిందికి దిగుతుంది. గీతా దే పోషించిన తల్లి క్రూరత్వం సైతం లేమి నేర్పినదే. కుటుంబమనే వ్యవస్థను ఇంత నిర్దాక్షిణ్యంగా, అందులోని మనుషులపై ఇంత దయతో చూసిన భారతీయ చిత్రాలు అరుదు.

ఘటక్ జీవించి ఉండగా ప్రేక్షకులు చెప్పుకోదగినంతగా ఆదరించినది ఇదొక్కటే. మరుసటి ఏడాది వచ్చిన ‘కోమల్ గాంధార్’ ఘోరంగా విఫలమై ఆయనను కుంగదీసింది. ఇంతలో పాశ్చాత్య విమర్శ మెలోడ్రామాను తిరిగి తూచసాగింది: కుటుంబ మెలోడ్రామాపై థామస్ ఎల్సెసర్ వ్యాసం 1972లోనూ, పీటర్ బ్రూక్స్ గ్రంథం 1976లోనూ వెలువడ్డాయి. ఆ 1976 ఫిబ్రవరి 6వ తేదీనే ఘటక్ మరణించారు. 1982లో ఆశిష్ రాజాధ్యక్ష ఆయనపై రాసిన పుస్తకం ఈ శైలిని ఇతిహాస సంప్రదాయంతో ముడిపెట్టి చదివింది. నాటి నుంచి దీనిని పొరపాటుగా కాక పద్ధతిగా చర్చించడం అలవాటైంది.

తెలుగునాట ఫిల్మ్ సొసైటీలు ఈ చిత్రాన్ని మంచి ధ్వని వసతి ఉన్న హాలులో, పెద్ద తెర మీద మళ్లీ మళ్లీ ప్రదర్శించాలి. చేతిలోని ఫోనులో చూస్తే కథ అర్థమవుతుంది గానీ, అన్నం ఉడుకుతున్న చప్పుడు వినబడదు.