చామ్‌స్కీ వక్తా, మా ఇంటి తెలుగూ

మా ఆరేళ్ళ అమ్మాయిని ఒకనాడు అడిగాను: "ఇది బుప్పి. ఇలాంటివి చాలా ఉంటే ఏమంటావు?" తడుముకోకుండా "బుప్పులు" అంది. బుప్పి అనే మాట లేదు. అప్పటికప్పుడు నేను కల్పించింది. పిల్లి పిల్లులైనట్టు, కత్తి కత్తులైనట్టు, 'లు' చేరితే ముందున్న ఇకారం ఉకారం కావాలని దానికెవరూ చెప్పలేదు. చిన్నప్పుడు నాకూ ఎవరూ చెప్పలేదు.

ఈ ప్రయోగం నా సొంతం కాదు. 'వగ్' అనే లేని పిట్ట బొమ్మ చూపించి జీన్ బెర్కో అమెరికాలో పిల్లల చేత బహువచనం చెప్పించారు. ఆ పరిశోధన 1958లో వెలువడింది. విననిమాటకు రూపం చెప్పారంటే పిల్లలు వల్లె వేయడం లేదు, సూత్రం పట్టుకున్నారన్నమాట. అలాంటి కనపడని సూత్రాలకు నమూనా కట్టే పని నోమ్ చామ్‌స్కీ 1957, 1965 పుస్తకాలతో ఊపందుకుంది. మనసు తెరిచి చూడలేం గనక, ఏ వాక్యం ఒప్పో ఏది తప్పో మాట్లాడేవాళ్ళిచ్చే తీర్పే ముఖ్యమైన ఆధారం. బయటి లక్షణాలను బట్టి లోపలి సంగతి పోల్చుకోవడం మా వైద్యులకూ అలవాటే. అందుకే ఈ పద్ధతి నాకు నచ్చింది.

నచ్చనిది ఒకటుంది. 1965 పుస్తకంలో చామ్‌స్కీ తీసుకున్నది ఒక ఆదర్శ వక్తను: అందరూ ఒకే తీరున మాట్లాడే సమాజంలో ఉండి, భాష పూర్తిగా వచ్చినవాణ్ణి. శాస్త్రానికి ఇలాంటి కల్పన అవసరమే. మేమూ ముందు ఆరోగ్యవంతుడి శరీరధర్మాలే చదివాం. కాని ఆసుపత్రికి వచ్చేది ఆ పుస్తకంలోని మనిషి కాడు.

మా అమ్మాయి "రెండు అమ్మాయిలు వచ్చారు" అంటుంది. 'ఇద్దరు' అనాలి. నోరు జారడం కాదిది, ప్రతిసారీ అంతే. "రెండు డాక్టర్లు", "మూడు మామయ్యలు". అయినా 'వచ్చారు' అంటుందే గాని 'వచ్చాయి' అనదు. మనుషులకూ వస్తువులకూ తేడా దానికి తెలుసు. అంకె దగ్గరే దాని సూత్రం వేరు. చామ్‌స్కీ భాషా సామర్థ్యాన్ని ఒకవైపు, మాట్లాడేటప్పటి తడబాట్లను మరోవైపు పెట్టాడు. ఇది తడబాటు కాదు, సామర్థ్యమే. కాని ఆ ఆదర్శ వక్తది కాదు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలను పక్కన పెట్టి కట్టిన నమూనా మన ఇళ్ళకు చాలదు.

ఊరికి వెళ్ళినప్పుడు మా అమ్మ "దీనికి తెలుగు రాలేదురా" అని బాధపడింది. వచ్చింది, విన్నంత మేరకు వచ్చింది. 'ఇద్దరు' అన్న మాట మా ఇంట్లో రోజుకెన్నిసార్లు వినపడుతుందో ఒక వారం లెక్కపెట్టాను. ఆ లెక్క ఇక్కడ రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు.