అంచు దగ్గర తెలిసే పనితనం

హైదరాబాద్ అపార్టుమెంట్లలో బాల్కనీలకు వలలు కట్టించేది ఎక్కువగా పావురాల బెడద పడలేకే. పిల్లి ఉన్న ఇంటికి ఆ వల చాలదు. 50 మిల్లీమీటర్ల కన్ను పావురాన్ని ఆపుతుంది గానీ, చిన్న కూన తల అందులోంచి దూరిపోతుంది. పిల్లులకైతే 30 మిల్లీమీటర్ల కన్ను అడగాలి.

ఎంత ఎత్తునుంచి పడ్డా పిల్లికేం కాదని చాలామందికి ధీమా. న్యూయార్క్‌లో మేడల మీంచి పడి ఆసుపత్రికి చేరిన 132 పిల్లులను ఇద్దరు పశువైద్యులు పరిశీలించి, 1987లో ఆ వివరాలు ప్రచురించారు. చికిత్స చేసినవాటిలో 90 శాతం బతికాయి. కానీ ఛాతీ దెబ్బలు, పగిలిన దవడలు, విరిగిన కాళ్లు ఎన్నో. పడ్డచోటే చచ్చిపోయినవి ఆ లెక్కలోకే రాలేదు.

మా పై అంతస్తులో ఒక కుర్రాడు వల కడుతుంటే నిలబడి చూశాను. డ్రిల్ ఆన్ చేసే ముందు గోడను వేలి కణుపుతో తట్టాడు. డొల్లగా మోగినచోట ప్లాస్టరింగ్‌లో హుక్కు నిలవదని పక్కకు జరిగాడు. పక్క గోడలకు అడుగుకొక హుక్కు వేసినవాడు, నేల దగ్గర అందులో సగం దూరానికే వేశాడు. ఎందుకని అడిగితే, "పిల్లి తల పెట్టి తోసేది కిందే కదా సార్" అన్నాడు.

నన్ను కట్టిపడేసింది ఆ తర్వాతి పని. వలను నేరుగా హుక్కులకు తగిలిస్తే పని తొందరగా అయిపోతుంది, చాలామంది చేసేదీ అదే. కానీ హుక్కుకీ హుక్కుకీ మధ్య వల వదులై, పిల్లి దూరేంత సందు పడుతుంది. ఇతను ముందు హుక్కుల వెంట చుట్టూ తాడు బిగించాడు. వల అంచులో ఒక్క కన్నూ వదలకుండా దారంతో ఆ తాడుకు అల్లుతూ, జానెడుకొక ముడి వేశాడు. ఒకచోట దారం తెగినా మిగతాది జారదు. ఏసీ పైపు చుట్టూ వల కోసినచోట నైలాన్ కొసలను లైటర్‌తో కరిగించి అతికించాడు. చివర కింది అంచు పొడవునా పిడికిలితో తోసి చూశాడు. రెండు చోట్ల విప్పి మళ్లీ కట్టాడు.

ఎండ పడేవైపు నైలాన్ పెళుసుబారుతుంది. ఏడాదికోసారి గోటితో గీరి చూడమనీ, పొడి రాలితే ఆ వైపు వల మార్చమనీ ఆ ఇంటివాళ్లకు చెప్పి సామాను సర్దుకున్నాడు.